అగ్గి తెగులుకు వేయి రూపాలు
సన్నాలను వెంటాడుతున్న మెడవిరుపు.. గోధుమను కాల్చిందీ ఈ జాతి శిలీంధ్రమే

భద్రాచలం: కార్తీక మాసం వచ్చిందంటే గోదావరి తీరాన తెల్లవారుజామున మంచు తెరలు దిగుతాయి. చర్ల, దుమ్ముగూడెం, అశ్వాపురం మండలాల్లో అడవిని ఆనుకుని ఉన్న వరి మడులపై పొద్దెక్కే వరకు తేమ ఆరదు. సరిగ్గా అదే సమయంలో ఆలస్యంగా నాటిన సన్న రకాలు పొట్ట దశ దాటి ఈనుతుంటాయి. గింజ పాలు పోసుకోవాల్సిన వేళ వెన్ను మెడ వద్ద నల్లటి మచ్చ ఏర్పడుతుంది. కంకి అక్కడికక్కడే విరిగి వేలాడుతుంది. పచ్చగా కళకళలాడిన చేను వారం పది రోజుల్లో తెల్లబోతుంది. దీనినే రైతులు మెడవిరుపు అంటారు. ఆకుపై నూలు కండె ఆకారంలో మచ్చలు చేస్తే అది అగ్గి తెగులు. కణుపుల వద్ద సోకితే కణుపు తెగులు. పేర్లు మూడైనా కారకం ఒక్కటే.

నిరుడు తట్టుకున్న రకానికి ఈ ఏడు తెగులు ఎందుకు వచ్చింది? ఏటా రచ్చబండల వద్ద వినిపించే ప్రశ్న ఇది. విత్తనం నకిలీదని కొందరు, మందు కల్తీదని మరికొందరు అనుమానిస్తారు. కొన్నిసార్లు ఆ అనుమానం నిజమూ కావచ్చు. కానీ విత్తనం అసలుదైనా, మందు మంచిదైనా తెగులు విరుచుకుపడిన సందర్భాలు ప్రపంచమంతటా ఉన్నాయి. అందుకు కారణం శిలీంధ్రంలోనే ఉంది. అగ్గి తెగులు శిలీంధ్రం ఒకే రూపంలో ఉండదు. ఒకే ఊళ్లో, ఒక్కోసారి ఒకే మడిలో పలు జన్యు రూపాలు కలిసి ఉంటాయి. వాటిలో ఏది బలపడుతుందన్నది మనం వేసే వరి రకంపై ఆధారపడి ఉంటుంది.

కంటికి కనిపించని సమ్మెట

ఈ శిలీంధ్రాన్ని శాస్త్రవేత్తలు మాగ్నపోర్తే ఒరైజే అని, పైరిక్యులేరియా ఒరైజే అని పిలుస్తారు. గాలిలో తేలివచ్చే దీని సిద్ధబీజం మూడు గదులతో, పియర్ పండు ఆకారంలో ఉంటుంది. ఆకుపై మంచు బిందువు దొరికితే చాలు, జిగురుతో అతుక్కుని మొలకెత్తుతుంది. ఆ మొలక కొనపై గోపురం వంటి చిన్న బుడిపె ఏర్పడుతుంది. బుడిపె గోడలకు మెలనిన్ అనే నల్లని పదార్థం పూత పూసుకుంటుంది. లోపలికి నీరు చేరి ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడి వాతావరణ పీడనానికి సుమారు 80 రెట్ల వరకు చేరుతుందని కొలిచారు. మోటారు సైకిలు టైరులో ఉండే గాలి ఒత్తిడితో పోలిస్తే ఇది దాదాపు 40 రెట్లు. ఆ బలంతో సన్నని మేకు వంటి భాగాన్ని ఆకు పొరలోకి దిగ్గొట్టి శిలీంధ్రం లోనికి చొరబడుతుంది. నాలుగైదు రోజుల్లో మచ్చ బయటపడుతుంది. ఒక్కో మచ్చ నుంచి వేల సంఖ్యలో కొత్త సిద్ధబీజాలు గాలిలో కలుస్తాయి.

రైతులు విరివిగా వాడే ట్రైసైక్లజోల్ పనిచేసే తీరు ఇక్కడే అర్థమవుతుంది. ఈ మందు శిలీంధ్రాన్ని నేరుగా చంపదు. మెలనిన్ తయారీని అడ్డుకుంటుంది. నల్లపూత లేని బుడిపెలో ఒత్తిడి నిలవదు, మేకు దిగదు. అందువల్లనే తెగులు లోపలికి పాకిన తర్వాత కొట్టిన మందు కంటే ముందుగా కొట్టిన మందు ఎక్కువ ఫలితమిస్తుంది. మెడ విరిగిన కంకిపై డబ్బాలకు డబ్బాలు పిచికారీ చేయడం వల్ల దుకాణదారుడికి తప్ప రైతుకు లాభం లేదు.

రాత్రి ఉష్ణోగ్రత 20 డిగ్రీలకు అటూఇటూగా ఉండటం, గాలిలో తేమ 90 శాతం దాటడం, ఆకుపై పది గంటలకు పైగా తడి నిలవడం.. ఈ మూడూ కలిస్తే తెగులుకు పండగే. వైరా, పాలేరు జలాశయాల కింది మాగాణుల కంటే తాలిపేరు, కిన్నెరసాని పరిసరాల్లోని అడవి అంచు పొలాల్లో రాత్రి చలి, మంచు ఎక్కువ. చుట్టూ చెట్ల నీడ పడే మడుల్లో తడి ఆలస్యంగా ఆరుతుంది. యాసంగి నారుమళ్లు పోసే డిసెంబరులోనూ ఇదే పరిస్థితి. దానికి తోడు మోతాదు మించి యూరియా చల్లిన చేలల్లో ఆకు మెత్తబడి తెగులుకు మరింత లొంగుతుంది.

కాపలాదారు.. ఆనవాలు

తెగులును తట్టుకునే వరి రకమంటే అర్థమేమిటి? ప్రతి వరి మొక్కలోనూ కొన్ని నిరోధక జన్యువులు ఉంటాయి. వాటిని కోట గుమ్మం వద్ద నిలిచిన కాపలాదార్లుగా భావించవచ్చు. ఒక్కో కాపలాదారుకు దొంగకు సంబంధించిన ఒక్క ఆనవాలు మాత్రమే తెలుసు. ఆ ఆనవాలుతో వచ్చిన శిలీంధ్రాన్ని గుర్తించిన వెంటనే మొక్క ఆ చుట్టుపక్కల కణాలను తానే చంపుకొంటుంది. సూదిమొన అంత గోధుమరంగు చుక్క మిగులుతుంది. శిలీంధ్రానికి తిండి దొరక్క అక్కడే ఆగిపోతుంది. అమెరికా శాస్త్రవేత్త ఫ్లోర్ 1940లలో అవిసె పంటకు వచ్చే కుంకుమ తెగులుపై పరిశోధన చేసి ఈ జన్యువుకు జన్యువు సంబంధాన్ని వెలికితీశారు. వరి, అగ్గి తెగులు మధ్య కూడా అదే లెక్క నడుస్తోంది.

చిక్కంతా దొంగ ఆనవాలు మార్చుకోవడంలో ఉంది. శిలీంధ్రంలో ఆనవాలుకు కారణమైన జన్యువు దెబ్బతిన్నా, పూర్తిగా ఊడిపోయినా, దానిలో ఒక్క అక్షరం మారినా కాపలాదారు గుర్తుపట్టలేడు. అగ్గి తెగులు శిలీంధ్రం జన్యుపటాన్ని 2005లో ప్రచురించారు. ఏడు క్రోమోజోములు, సుమారు 11 వేల జన్యువులు ఉన్నట్లు అందులో తేలింది. ఒకచోట నుంచి మరోచోటికి గెంతే జన్యు శకలాలు కూడా అందులో దండిగా ఉన్నాయి. అవి వెళ్లి ఆనవాలు జన్యువు మధ్యలో దూరితే ఆ జన్యువు మూగబోతుంది. కొన్ని ఆనవాలు జన్యువులు క్రోమోజోము చివరి కొసల్లో ఉంటాయి. కొసలు తరచూ తెగి అతుక్కునే భాగాలు కావడంతో అక్కడి జన్యువులు తేలిగ్గా జారిపోతాయి.

ఎకరం చేనులో పుట్టే సిద్ధబీజాలు కోట్లలో ఉంటాయి. వాటిలో ఏ ఒక్కదానిలో అటువంటి మార్పు జరిగినా చాలు. చుట్టూ వంద ఎకరాల్లో అదే రకం వరి ఉంటే ఆ ఒక్కటే మిగిలిన వాటిని తోసిరాజని పెరుగుతుంది. రకం విఫలమైందని మనం అంటాం. నిజానికి వరి మారలేదు, శిలీంధ్రం మారింది.

ఎనిమిది రకాలు.. 256 తెగలు

ఒక పొలంలో ఉన్న శిలీంధ్రం ఏ తెగకు చెందినదో తెలుసుకోవడానికి పూర్వం ఒక తేలికైన పద్ధతి ఉండేది. ఇప్పటికీ ఉంది. అంతర్జాతీయంగా ఎంపిక చేసిన ఎనిమిది వరి రకాలను నారు పోసి, సేకరించిన శిలీంధ్రాన్ని వాటిపై చల్లుతారు. మన దేశపు ఎన్‌పీ-125, దులార్ ఆ ఎనిమిదింటిలో ఉన్నాయి. ఏది తట్టుకుంది, ఏది లొంగింది అని నమోదు చేస్తారు. ఒక్కో రకానికి రెండే సమాధానాలు కాబట్టి ఎనిమిదింటికి కలిపి 256 కలయికలు వస్తాయి. ఒక్కో కలయికకు ఒక్కో తెగ పేరు. తర్వాత అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ, జపాన్ శాస్త్రవేత్తలు కలిసి ఒక్కో నిరోధక జన్యువును మాత్రమే కలిగిన వరుసలను రూపొందించారు. దీంతో ఏ కాపలాదారు ఎక్కడ పనిచేస్తున్నాడో విడివిడిగా తెలుస్తోంది.

హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని భారత వరి పరిశోధన సంస్థలో అగ్గి తెగులు నర్సరీ నిర్వహిస్తారు. పరీక్షించే రకాల మధ్య, చుట్టూ హెచ్‌ఆర్-12 అనే రకాన్ని వేస్తారు. ఈ తెగులుకు దానంత తేలిగ్గా లొంగే వరి అరుదు. అది ముందు తెగులు తెచ్చుకుని పక్కవారికి పంచుతుంది. అప్పుడు సున్నా నుంచి తొమ్మిది వరకు మార్కులు వేస్తారు. బడి లెక్కకు ఇది తలకిందులు. తొమ్మిది వచ్చిన రకం కాలిపోయినట్లు.

ఇటీవలి దశాబ్దాల్లో డీఎన్‌ఏ వేలిముద్రల పద్ధతి వచ్చాక చిత్రం మరింత స్పష్టమైంది. వరి సాగు చేసే దేశాల్లో చాలాచోట్ల ఈ శిలీంధ్రం జతకట్టకుండానే, ఒకే తల్లి నుంచి నకళ్లుగా విస్తరిస్తోంది. జతకట్టడానికి రెండు విభిన్న రూపాలు కావాలి. అనేక ప్రాంతాల్లో వాటిలో ఒకటే కనిపిస్తుంది. కానీ హిమాలయ ప్రాంతపు వరి పొలాల్లో రెండు రూపాలూ ఉన్నాయని, జన్యువులు కలగాపులగమైన జాడలు కూడా ఉన్నాయని 1999లో వెలువడిన ఒక అధ్యయనం తెలిపింది. ఆగ్నేయాసియా కొండప్రాంతాల్లోనూ ఇటువంటి ఆధారాలే దొరికాయి. జతకట్టే చోట కొత్త కలయికలు త్వరగా పుడతాయి. విత్తనం, గడ్డి రవాణాతో అవి ఎంత దూరమైనా చేరగలవు.

గోధుమను కాటేసిన వేళ

ఖమ్మం రైతుకు గోధుమతో పనేమిటని అనిపించవచ్చు. అయితే ఈ శిలీంధ్రం ఎంత దూరం పోగలదో చెప్పడానికి గోధుమను మించిన ఉదాహరణ లేదు. వరిని, గోధుమను, చోడిని, కొర్రను పట్టే అగ్గి తెగులు శిలీంధ్రాలు ఒకే జాతికి చెందిన వేర్వేరు శాఖలు. సాధారణంగా వరి శాఖ గోధుమ జోలికి పోదు, గోధుమ శాఖ వరి జోలికి రాదు. 1985కు పూర్వం గోధుమకు ఈ తెగులు ఉన్నట్లే ప్రపంచానికి తెలియదు. ఆ ఏడాది బ్రెజిల్‌లోని పరానా రాష్ట్రంలో తొలిసారి గుర్తించారు.

అది ఎలా పుట్టిందో 2017లో జపాన్ శాస్త్రవేత్తల బృందం వివరించింది. చాలా గోధుమ రకాల్లో ఒక కాపలాదారు జన్యువు ఉండేది. పశువుల మేతగా వేసే గడ్డిని పట్టే శిలీంధ్రాన్ని అది అడ్డుకునేది. ఆ కాపలాదారు లేని గోధుమ రకం ఒకటి బ్రెజిల్‌లో విస్తారంగా సాగులోకి వచ్చింది. గడ్డి నుంచి శిలీంధ్రం దానిపైకి దూకింది. కాపలా లేని చేలల్లో పెరుగుతూ ఆనవాలును కూడా పోగొట్టుకుంది. ఆ తర్వాత కాపలాదారు ఉన్న రకాలూ దానికి లొంగిపోయాయి. ఒక్క రకంపై మోజు ఒక కొత్త తెగులుకు మెట్టు అయింది.

2016 ఫిబ్రవరిలో ఈ తెగులు బంగ్లాదేశ్‌లో ప్రత్యక్షమైంది. ఎనిమిది జిల్లాల్లో సుమారు 15 వేల హెక్టార్ల గోధుమ దెబ్బతింది. పొలాల నుంచి తెచ్చిన ఆకుల్లోని జన్యు సమాచారాన్ని వివిధ దేశాల శాస్త్రవేత్తలు బహిరంగంగా పంచుకోవడంతో, ఇది దక్షిణ అమెరికా నుంచి వచ్చిన శాఖేనని కొన్ని వారాల్లోనే తేలింది. 2018లో ఆఫ్రికా ఖండంలోని జాంబియాలోనూ కనిపించింది. బంగ్లాదేశ్, జాంబియాల్లో ఉన్నది ఒకే నకలు కుటుంబమని 2023లో ప్రచురితమైన పరిశోధన నిర్ధారించింది. పశ్చిమ బెంగాల్ సరిహద్దు జిల్లాలైన నదియా, ముర్షిదాబాద్‌లలో 2017లో అనుమానిత లక్షణాలు కనిపించగానే పైరును తగులబెట్టించారు. ఆపై కొన్నేళ్లు అక్కడ గోధుమ సాగునే నిలిపివేశారు.

అదే 2023 పరిశోధనలో మరో విషయం ఉంది. మన్యం రైతులకు అది ఆసక్తి కలిగించేదే. జాంబియా నుంచి తీసిన గోధుమ శిలీంధ్రం, ఆఫ్రికాలో చోడి పంటను పట్టే శిలీంధ్రంతో ప్రయోగశాలలో జతకట్టగలిగింది. పొలంలో అలా జరిగిందని ఎవరూ చెప్పలేదు. కానీ రెండు శాఖలు ఒకేచోట చేరితే కొత్త సంతానం అసాధ్యం కాదని మాత్రం రుజువైంది. భద్రాచలం మన్యంలో కోయలు, కొండరెడ్లు తరతరాలుగా చోడి, కొర్ర, సామ పండిస్తున్నారు. ఒక గట్టుకు అటు చిరుధాన్యం, ఇటు వరి కనిపించే ఊళ్లున్నాయి. చోడిపై కంకి విరుపు, కొర్రపై ఆకుమచ్చ వాటి వాటి శాఖల పనే. అంతమాత్రాన చోడి పక్కన ఉంటే వరికి తెగులు వస్తుందని భయపడనక్కర లేదు. ఈ పంటల నుంచి నమూనాలు తీసి వేలిముద్రలు సరిచూసే పనికి మాత్రం అడవి అంచు గ్రామాలంత అనువైన చోటు మరొకటి ఉండదు.

సన్నాల మోజు

సాంబ మసూరిగా పేరొందిన బీపీటీ 5204 బాపట్ల వ్యవసాయ కళాశాల నుంచి 1986లో విడుదలైంది. అన్నం రుచికి, గింజ సన్నదనానికి సాటి లేదు. ఇంతకాలం నిలిచిందంటే కారణం అదే. అయితే అగ్గి తెగులుకు, బాక్టీరియా ఆకు ఎండు తెగులుకు అది తేలిగ్గా లొంగుతుంది. బాక్టీరియా తెగులును తట్టుకునేలా మూడు జన్యువులు చేర్చిన మెరుగైన సాంబ మసూరిని రాజేంద్రనగర్ వరి శాస్త్రవేత్తలు, సీసీఎంబీ శాస్త్రవేత్తలు కలిసి రూపొందించగా 2008లో విడుదలైంది. అగ్గి తెగులును అడ్డుకునే పీఐ-2, పీఐ-54 జన్యువులనూ సాంబ మసూరి నేపథ్యంలోకి చేర్చే ప్రయోగాలు తర్వాత జరిగాయి. వీటిలో పీఐ-54 వియత్నాంకు చెందిన టెటెప్ అనే పాత వరి నుంచి వచ్చింది. రెండు మూడు కాపలాదార్లను ఒకే గుమ్మం వద్ద నిలబెడితే దొంగ ఒకేసారి అన్ని ఆనవాళ్లూ మార్చుకోవాల్సి వస్తుంది. అది కష్టం. అసాధ్యమైతే కాదు.

2024 వానాకాలం నుంచి సన్న వడ్లకు క్వింటాలుకు రూ. 500 బోనస్‌ను రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించాక సన్నాల సాగుకు ఊపు వచ్చింది. రైతుకు నాలుగు డబ్బులు ఎక్కువ రావడాన్ని ఎవరూ తప్పుపట్టరు. కానీ కాలువ పొడవునా ఒకే రకం, ఒకే అదనులో, ఒకే మోతాదు యూరియాతో సాగైతే శిలీంధ్రానికి అంతకంటే విందు ఉండదు. 1970లలో దక్షిణ కొరియా ఈ దెబ్బ తిన్నది. అధిక దిగుబడినిచ్చే టోంగిల్ వరి దేశమంతా విస్తరించింది. మొదట్లో దానికి అగ్గి తెగులు సోకలేదు. దశాబ్దం ముగిసేలోపే కొత్త తెగలు పుట్టి ఆ పంటను ఊడ్చేశాయి.

ఇందుకు విరుగుడును జపాన్‌లోని నీగాటా ప్రాంతం 2005లో ఆచరణలో పెట్టింది. అక్కడ కోషిహికారి అనే వరికి మన సాంబ మసూరికి ఉన్నంత పేరుంది. దాని రుచి చెడకుండా, ఒక్కో వరుసలో ఒక్కో నిరోధక జన్యువును చేర్చారు. ఆ వరుసల విత్తనాన్ని కలిపి రైతులకిచ్చారు. వండితే ఒకే అన్నం. పొలంలో మాత్రం పక్క పక్క మొక్కల్లో వేర్వేరు కాపలాదార్లు. చైనాలోని యునాన్‌లో 1998, 1999 సంవత్సరాల్లో వేల హెక్టార్లలో మరింత సాదాసీదా పద్ధతి పాటించారు. తెగులుకు లొంగే జిగురు వరిని, తట్టుకునే హైబ్రిడ్ వరి సాళ్ల మధ్య నాటారు. విడిగా వేసిన దానితో పోలిస్తే జిగురు వరిపై తెగులు తీవ్రత 94 శాతం తగ్గింది. రెండో ఏడాది చివరికి అక్కడ మందు కొట్టాల్సిన అవసరమే రాలేదు.

మన దగ్గర మిల్లరు వడ్లు కలిస్తే కొనడు. కనుక సాళ్లు కలపడం ఇక్కడ కుదిరే పని కాదు. అయితే ఊళ్లోని వంద ఎకరాల్లో రెండు మూడు రకాలు ఉండేలా చూసుకోవడానికి ఏ మిల్లరూ అడ్డురాడు. అగ్గి తెగులును కొంతమేర తట్టుకునేవిగా సిఫార్సు చేసిన తెలంగాణ సోన (ఆర్‌ఎన్‌ఆర్ 15048), కాటన్‌దొర సన్నాలు (ఎంటీయూ 1010) వంటివి అందుబాటులో ఉన్నాయి. అవీ శాశ్వతం కావు. ఒకే రకాన్ని ఏళ్ల తరబడి అదే మడిలో వేయడం మానితే వాటి ఆయుష్షు పెరుగుతుంది.

రైతు చేతిలో ఉన్నది

పొడి విత్తనమైతే కిలోకు 3 గ్రాముల కార్బెండాజిమ్ పట్టించాలి. దంప నారుమడికైతే లీటరు నీటికి గ్రాము మందు కలిపి ఆ ద్రావణంలో విత్తనాన్ని నానబెట్టాలి. నత్రజనిని ఒకేసారి గుప్పించక మూడు దఫాలుగా వేయాలి. తెగులు కనిపించిన చేలో పైపాటు యూరియాను ఆపాలి. గట్ల మీది ఊద వంటి గడ్డిని తీసేయాలి. ఆకు మచ్చ కనిపించగానే లీటరు నీటికి ట్రైసైక్లజోల్ 75 శాతం పొడి మందు 0.6 గ్రాములు గానీ, ఐసోప్రోథయోలేన్ 1.5 మిల్లీలీటర్లు గానీ, కాసుగామైసిన్ 2.5 మిల్లీలీటర్లు గానీ పిచికారీ చేయాలి. పొట్ట దశలో మంచు విపరీతంగా కురుస్తుంటే మచ్చ కోసం ఎదురుచూడరాదు. ప్రతిసారీ అదే మందు వాడటమూ మంచిది కాదు. కాసుగామైసిన్‌ను విడవకుండా వాడిన జపాన్‌లో 1970లలోనే దానికి లొంగని తెగలు పుట్టాయి. వరి రకం విషయంలో జరిగేదే మందు విషయంలోనూ జరుగుతుంది.

తెగులు ఏదన్నది అనుమానంగా ఉంటే మచ్చలున్న ఆకులను, విరిగిన మెడలను వైరా కృషి విజ్ఞాన కేంద్రంలో గానీ, అశ్వారావుపేట వ్యవసాయ కళాశాలలో గానీ చూపించవచ్చు. నమూనాలను పాలిథిన్ సంచిలో పెడితే చెమర్చి కుళ్లిపోతాయి. నీడన ఆరబెట్టి కాగితపు కవరులో ఉంచాలి. కవరుపై వరి రకం, ఊరు, నాటిన తేదీ, కొట్టిన మందు పేరు రాయడం మరువరాదు.